పనిచేసే చోట దొంగతనాలు, మోసాలు, గొడవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

షాపులు, గోడౌన్లు, క్లినిక్కులు, చిన్న ఆఫీసులు నడిపేవాళ్ళు నన్ను తిప్పి తిప్పి అడిగేవి ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. నేరాలు ఎక్కడ, ఎందుకు జరుగుతాయో, ఏం చేస్తే తగ్గుతాయో గత 50 ఏళ్ళలో చాలామంది కొలిచి చూశారు. అందులో మన షట్టరు దగ్గర, గల్లా దగ్గర పనికొచ్చేవే ఇక్కడ తీసుకున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## డబ్బు ఖర్చు పెట్టే ముందు

మాది చిన్న షాపు. ఈ పరిశోధనలన్నీ మాకెందుకండీ? నాలుగు కెమెరాలు బిగిస్తే పోదా?

ఆ నాలుగూ ఎక్కడ బిగించాలో తెలియడానికైనా కావాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఆదాయాలు పెరిగాయి, చదువులు పెరిగాయి. అయినా దొంగతనాలు తగ్గకపోగా పెరిగాయి. ఎందుకో 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు విప్పి చెప్పారు. ఆడవాళ్ళు కూడా ఉద్యోగాలకు వెళ్తుండటంతో పగటిపూట ఇళ్ళు ఖాళీ అయ్యాయి. టీవీల్లాంటివి తేలికై చంకలో పెట్టుకుపోయేంత అయ్యాయి. జనం చెడిపోయారని కాదు, రోజు గడిచే తీరు మారింది. దొంగిలించాలనుకునేవాడు, వాడికి పనికొచ్చే వస్తువు, అడ్డుపడే మనిషి లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట, ఒకే వేళకు కలిస్తేనే నేరం జరుగుతుందని వాళ్ళు తేల్చారు.

మీ షాపులో ఆ మూడూ కలిసే వేళ ఏది? మధ్యాహ్నం సగం మంది భోజనానికి లేచినప్పుడా, లోడు దిగేటప్పుడు వెనక షట్టరు దగ్గరా, రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడా? కెమెరాలాయన మీటర్ల లెక్కన వైరు కొలుస్తాడు గానీ ఈ ప్రశ్న అడగడు.

ఒక చోట ఆపితే ఇంకో చోట చేస్తాడు కదా? ఎంత చేసినా వృథా అనిపిస్తుంది.

అందరం అలాగే అనుకుంటాం. కొలిచి చూస్తే అలా లేదు. రాబ్ గెరెట్, కేట్ బవర్స్ అనే పరిశోధకులు, ఒక చోట నేరాలకు అడ్డుకట్ట వేస్తే ఏమైందో చూసిన 102 పరిశీలనలను 2009లో కలిపి చూశారు. నేరం పక్కకు జరిగినట్టు కనిపించింది దాదాపు నాలుగో వంతు సందర్భాల్లోనే. ఇంచుమించు ఇంకో నాలుగో వంతు సందర్భాల్లో, ఏమీ చేయని పక్క ప్రాంతాల్లో కూడా నేరాలు తగ్గాయి.

నాకు బాగా నచ్చే ఉదాహరణ హెల్మెట్ది. 1980లో పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేకపోతే జరిమానా వేయడం మొదలుపెట్టారు. ఆ ఏడాది అక్కడ సుమారు లక్షన్నర మోటారు సైకిళ్ళు పోతే, 1986 నాటికి అది 54 వేలకు పడిపోయింది. కారణం చాలా చిన్నది. కనిపించిన బండిని అప్పటికప్పుడు ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు, లేకుండా వెళ్తే పోలీసులు ఆపుతారు. ఇంతకీ వాళ్ళంతా కార్ల మీద పడ్డారా అంటే, కార్ల దొంగతనాలు కొద్దిగానే పెరిగాయి. చాలా దొంగతనాలు అవకాశం కనిపించి చేసేవే. అవకాశం పోతే చాలామంది ఊరుకుంటారు.

## ఎక్కడ పోతోందో పట్టుకునే దశ

స్టాకు తేడా వస్తోంది. ఎక్కడ పోతోందో అర్థం కావడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఒక 200 పేజీల నోటుబుక్కు నుంచి. ఏం పోయింది, ఎంత, ఆఖరిసారి ఎప్పుడు చూశారు, పోయిందని ఎప్పుడు తెలిసింది, ఆ మధ్యలో అక్కడ ఎవరి డ్యూటీ, ఏ తలుపు తెరిచి ఉంది. ఇవి రాయండి. అనుమానం ఉన్నవాడి పేరు రాయొద్దు. పేరు ఎక్కితే మిగతావన్నీ ఆ పేరు చుట్టూ తిరుగుతాయి. పోయేదాకా రాని చిన్న సంగతులూ రాయాలి: తాళం వేయకుండా వదిలేసిన తలుపు, లెక్క కలవని బిల్లు, గేటు దగ్గర జరిగిన మాటామాటా.

నేరాలు ఊరంతా సమానంగా పరుచుకోవు. 1989లో లారెన్స్ షెర్మన్ బృందం మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన కాల్స్ లెక్కేస్తే, సగం కాల్స్ కేవలం 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి. మీ గోడౌన్లో కూడా అంతే: ఒక మూల, ఒక వేళ, ఒక రకం సరుకు.

ఇది నాకు మా సొంత గోడౌన్లో తలకెక్కింది. ఎనిమిది కెమెరాలు బిగించాక కూడా సబ్బుల పెట్టెలు తగ్గుతూనే ఉన్నాయి. ఇక లాభం లేదని మూడు నెలలు పుస్తకంలో రాశాం. తేడా వచ్చినవి దాదాపు అన్నీ మంగళ, శుక్రవారాలే. ఆ రెండు రోజులూ లోడు దిగుతుంది. ఒకవైపు హమాలీలు దించుతుంటే ఇంకోవైపు ఆటోలవాళ్ళు లోపలికే వచ్చి ఎక్కించుకుంటున్నారు. ఏది దిగిందో, ఏది ఎక్కిందో కెమెరాలో చూసినా తెలియదు. గుమ్మానికి ఆరడుగుల లోపల పసుపు గీత గీశాం. గీత దాటి బయటివాళ్ళు రాకూడదు, దించడం అయ్యేదాకా ఎక్కించకూడదు, ఎక్కిన పెట్టెలు లెక్కపెట్టి గేట్ పాస్ మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. కెమెరాలకు అయింది అరవై వేలు. గీతకు ఒక పెయింటు డబ్బా.

షాపులో వేల రకాలు ఉన్నాయి. అన్నిటినీ కాపలా కాయలేం కదా?

అక్కర్లేదు. దొంగకు నచ్చే సరుక్కి ఆరు గుణాలుంటాయని రొనాల్డ్ క్లార్క్ 1999లో రాశాడు: దాచడానికి వీలైనది, మోసుకుపోగలిగేది, చేతికందేది, విలువైనది, వాడుకోవడానికి ఇష్టమైనది, వెంటనే అమ్ముడుపోయేది. నన్నడిగితే ఆఖరిదే అసలైనది. పసిపిల్లల పాలపొడి డబ్బాలు, రేజరు బ్లేడ్లు, బ్యాటరీలు, రాగి వైరు, మొబైల్ చార్జర్లు ఎందుకు పోతాయంటే పక్క వీధిలోనే కొనేవాడు దొరుకుతాడు. మీ రకాల్లోంచి ఇలాంటివి ఓ ఇరవై ఏరి గల్లాకు ఎదురుగా పెట్టండి, వాటిని మాత్రం రోజూ లెక్కపెట్టండి. మిగతావి నెలకోసారి చాలు.

మొన్ననే దొంగలు పడ్డారు. ఇక మా జోలికి రారు కదా?

నిజానికి మళ్ళీ పడే అవకాశం మీకే ఎక్కువ, అదీ మొదటి కొన్ని వారాల్లో. వచ్చినవాడికి దారి తెలుసు, వదిలేసి వెళ్ళిన సరుకు తెలుసు, పోయినవాటి స్థానంలో కొత్తవి వస్తాయనీ తెలుసు. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ కాలనీలో 1980ల చివర్లో దీన్నే పట్టుకుని పనిచేశారు. కాలనీ అంతటికీ కాకుండా, ఒకసారి దొంగలు పడ్డ ఇంటికే ముందు తాళాలు బలపరిచారు, చుట్టుపక్కల అయిదారు ఇళ్ళవాళ్ళను ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచమన్నారు, నాణేలు వేసే గ్యాసు, కరెంటు మీటర్లు తీయించారు. ఆ మీటర్ల డబ్బాలే దొంగలకు గల్లాపెట్టెలు మరి. మూడేళ్ళలో ఇళ్ళ దొంగతనాలు 75 శాతం దాకా తగ్గాయి.

కాబట్టి పగలగొట్టిన చోటును ఆ వారంలోనే సరిచేయించండి. తాత్కాలికంగా రేకు అడ్డం పెట్టి పండగ తర్వాత చూద్దాం అనుకోవద్దు. ఎదురు షాపాయనకు, పక్క టీ కొట్టాయనకు మీ నంబరు ఇచ్చి, రాత్రి ఏ చప్పుడైనా ఫోన్ చేయమనండి.

## సామాను, ఏర్పాట్లు

సీసీ కెమెరాలు నిజంగా పనిచేస్తాయా, లేక ఊరికే ధైర్యానికేనా?

కొంత పనిచేస్తాయి, అన్నిచోట్లా కాదు. 40 ఏళ్ళ పరిశోధనలను ఎరిక్ పిజా, బ్రాండన్ వెల్ష్ తదితరులు 2019లో కలిపి చూస్తే, కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గినట్టు తేలింది. బాగా పనిచేసింది పార్కింగ్ స్థలాల్లో. కొట్లాటల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. ఆవేశంలో ఉన్నవాడు కెమెరా వైపు చూడడు కదా. ఎవరో ఒకరు తెర ముందు కూర్చుని చూస్తూ, కెమెరాతోపాటు వెలుతురు, గేటు, కాపలా కూడా ఉన్నచోట ఫలితం ఎక్కువ.

మన దగ్గర సగం కెమెరాలు సీలింగుకు బిగించినవే. నడినెత్తి, టోపీ తప్ప మొహం పడదు. గుమ్మం దగ్గర ఒకటైనా మనిషి ఎత్తులో మొహానికి ఎదురుగా ఉండాలి. రికార్డింగు దాచే డీవీఆర్ పెట్టెను గల్లా కిందే పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. వేరే గదిలో తాళం వేసి పెట్టండి.

కెమెరాలు చట్టప్రకారం పెట్టాల్సిందేనా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం, ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట కెమెరాలు తప్పనిసరి. రికార్డింగు 30 రోజులు దాచాలి. మీ షాపు అంతకంటే చిన్నదైనా 30 రోజుల లెక్క మంచిదే. నెలాఖరు స్టాకులో తేడా బయటపడేసరికి పాతది చెరిగిపోయి ఉంటుంది. ట్రయల్ రూములు, బాత్‌రూముల వైపు కెమెరా తిరిగి ఉంటే అది నేరం.

కళ్ళ బొమ్మ వేసి "మిమ్మల్ని చూస్తున్నాం" అని పోస్టరు పెడితే చాలంటున్నారు. నిజమేనా?

పూర్తిగా గాలిమాట కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం టీ గదిలో, డబ్బులు వేసే డబ్బా పైన కొన్ని వారాలు పూల బొమ్మ, కొన్ని వారాలు కళ్ళ బొమ్మ పెట్టి చూశారు. కళ్ళున్న వారాల్లో జనం దాదాపు మూడింతలు వేశారు. అది 2006లో అచ్చయింది. 2012లో అక్కడే సైకిల్ స్టాండ్ల దగ్గర కళ్ళ పోస్టర్లు పెడితే ఆ స్టాండ్లలో దొంగతనాలు 62 శాతం తగ్గాయి. బోర్డు లేని స్టాండ్లలో 65 శాతం పెరిగాయి. అంటే పోస్టరు పెడితే అన్ని గుమ్మాల దగ్గరా పెట్టాలి. ఇరవై రూపాయల ఖర్చే కాబట్టి నష్టం లేదు గానీ, తాళం మాత్రం తీసేయకండి.

రాత్రి పొద్దుపోయేదాకా మెడికల్ షాపు నడుపుతాం. గల్లా మీద పడతారేమోనని టెన్షన్.

1970ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో సెవెన్ ఎలెవెన్ అనే గొలుసు దుకాణాల్లో దీని మీదే ఒక ప్రయోగం చేశారు. దోపిడీలు చేసి జైలుకెళ్ళొచ్చినవాళ్ళ సలహా తీసుకున్నారు. సగం షాపుల్లో గల్లాలో డబ్బు తక్కువ ఉంచారు, ఆ సంగతి బోర్డు పెట్టి చెప్పారు, అద్దాల మీద అంటించిన ప్రకటనలు పీకేశారు, వెలుతురు పెంచారు, పనివాళ్ళకు తర్ఫీదు ఇచ్చారు. 1975లో వచ్చిన ఫలితం: ఆ షాపుల్లో దోపిడీలు 30 శాతం తగ్గాయి.

మన మెడికల్ షాపుల అద్దాలు చూడండి. టానిక్కు పోస్టర్లతో నిండిపోయి రోడ్డు మీద పోయేవాడికి లోపలున్న మనిషి కనిపించడు. అవి తీసేయడం రేపు పొద్దున్నే చేయగల పని. గంటకోసారి పెద్ద నోట్లు లోపలి లాకర్లో వేయండి, దాని తాళంచెవి రాత్రి డ్యూటీవాడి దగ్గర ఉండకూడదు. ఇన్ని చేసినా కత్తి చూపిస్తే మారుమాట లేకుండా డబ్బు ఇచ్చేయమని పనివాళ్ళకు ముందే చెప్పండి. ఆ డబ్బు వాళ్ళ జీతంలోంచి కోయనని కూడా చెప్పండి. అది చెప్పకపోతే కుర్రవాడు ప్రాణం మీదకు తెచ్చుకుంటాడు.

నకిలీ పేమెంట్ స్క్రీన్‌షాట్లు, క్యూఆర్ స్టిక్కర్ మార్చేయడం ఎలా ఆపాలి?

స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వొద్దు, సౌండ్ బాక్స్ పలికిందా లేదా మీ ఫోన్లో డబ్బు పడిందా అన్నదే లెక్క. రద్దీలో సౌండ్ బాక్స్ వినపడకపోతే దాన్ని గల్లా వైపు తిప్పండి. క్యూఆర్ స్టాండును రాత్రి బయట వదలకండి. పొద్దున్నే షట్టరు ఎత్తగానే మీరే ఒక రూపాయి పంపి చూసుకోండి. పేరు మీది కాకపోతే పైన ఎవరో అంటించారన్నమాట.

## మనుషులు

వాచ్‌మన్‌ని పెట్టాం గానీ రాత్రంతా పడుకుంటున్నాడు. మార్చేయాలా?

కొత్తగా వచ్చేవాడూ పడుకుంటాడు. 12 గంటలు ఒకే కుర్చీలో చీకట్లో కూర్చోబెడితే మీరూ నేనూ పడుకుంటాం. క్రిస్టఫర్ కోపర్ 1995లో చూసిందేమిటంటే, పోలీసులు ఒక చోట 10 నుంచి 15 నిమిషాలు కనిపించి వెళ్తే, వెళ్ళాక కూడా కొంతసేపు అక్కడ గొడవలు జరగవు. అంతకు మించి నిలబడితే అదనంగా పెద్దగా కలిసిరాదు. ఇంగ్లండ్ నైరుతిలో రైల్వే స్టేషన్ల సెక్యూరిటీ గార్డులతో చేసిన ప్రయోగంలో, గార్డులు తిరిగిన చోట బాధితుల ఫిర్యాదులు 16 శాతం తగ్గాయి. వాళ్ళ దగ్గర తుపాకులు లేవు, కనిపిస్తూ తిరగడమే వాళ్ళ పని.

అందుకే గంటకోసారి రౌండ్ కాకుండా, వేళలు మార్చి మార్చి తిరగమనండి. పుస్తకంలో తేడా వచ్చిన చోట్లు నాలుగైదు రాసిచ్చి, అక్కడికే ఎక్కువసార్లు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా 10, 15 నిమిషాలు ఉండి కదలమనండి. మంచి టార్చి, టీ డబ్బులు, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం ఇవ్వండి.

ఏజెన్సీ నుంచి తీసుకుంటే వాళ్ళకు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందా అని అడగండి. ఆ చట్టం కింది నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి. మీ గేటు దగ్గరున్నాయనను ఎన్ని గంటలు నేర్పారని అడిగితే ఏజెన్సీ సంగతి తెలిసిపోతుంది.

పదేళ్ళ నుంచి ఉన్న మనిషే కాజేస్తున్నాడని అనుమానం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా?

ఈశ్వరుడి సంగతేమో గానీ పక్క సీటు మనిషి పడతాడు. మోసాలు పరిశోధించేవాళ్ళ అంతర్జాతీయ సంఘం ఒకటి 2024లో 138 దేశాల నుంచి 1,921 కేసులు కలిపి చూస్తే, 43 శాతం ఎవరో చెప్పడం వల్లే బయటపడ్డాయి. చెప్పినవాళ్ళలో సగానికి పైగా అక్కడి ఉద్యోగులే. మొదలైన దగ్గర్నుంచి బయటపడేసరికి మధ్యస్థంగా 12 నెలలు పట్టింది. కాబట్టి మీ పనివాళ్ళు భయం లేకుండా మీతో చెప్పగలగాలి. మేనేజరు ద్వారానే రావాలంటే, తప్పు మేనేజరుదే అయినప్పుడు ఎవరు వస్తారు?

డొనాల్డ్ క్రెస్సీ 1950ల్లోనే, నమ్మకద్రోహం చేసి జైలుకెళ్ళినవాళ్ళతో మాట్లాడి మూడు సంగతులు చెప్పాడు: ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, దొరకకుండా తీయగలిగే అవకాశం, "అప్పుగానే తీసుకుంటున్నా, ఇచ్చేస్తా" అని తనకు తాను చెప్పుకునే సమాధానం. మొదటిదానికి అడ్వాన్సు ఇచ్చే పద్ధతి పెట్టొచ్చు. కూతురి పెళ్ళికో ఆసుపత్రికో అడగడానికి దారి ఉండాలి. రెండోది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. డబ్బు తీసుకునేవాడు, పుస్తకం రాసేవాడు, బ్యాంకులో కట్టేవాడు ఒకడే కాకూడదు. ఏడాదికి ఒక వారం సెలవు తప్పనిసరిగా ఇచ్చి, ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టండి. సెలవే వద్దనే మనిషి ఎప్పుడూ కష్టజీవే అయి ఉండడు.

అనుమానంతో మాత్రం నలుగురిలో నిలదీయొద్దు. కాగితం చేతికొచ్చేదాకా ఆగండి. పొరపాటైతే పదేళ్ళ మనిషిని పోగొట్టుకుంటారు.

ఇంటికెళ్ళేటప్పుడు బ్యాగులు తనిఖీ చేయొచ్చా?

చేరేటప్పుడే కాగితం మీద చెప్పి ఉంటే గొడవ ఉండదు. అందరికీ ఒకటే పద్ధతి, ఓనరు బ్యాగుతో సహా. ఆడవాళ్ళ బ్యాగులు ఆడవాళ్ళే చూడాలి. అందరినీ వరసలో నిలబెట్టే బదులు గిన్నెలోంచి రంగు బిళ్ళ తీయించి, ఎర్రది వచ్చినవాళ్ళనే ఆపితే అవమానం అనిపించదు, క్యూ ఉండదు.

మా క్లినిక్‌లో పేషెంటు తాలూకు బంధువులు సిబ్బంది మీద మీదకు వస్తున్నారు. బౌన్సర్లను పెట్టాలా?

ముందు వాళ్ళకు కోపం ఎందుకొస్తోందో చూడండి. చాలావరకు నొప్పితో, భయంతో కూర్చున్నవాళ్ళకు తమ వంతు ఎప్పుడో తెలియకపోవడం, వెనకొచ్చినవాళ్ళు ముందు లోపలికి వెళ్ళడం. ఇంగ్లండ్‌లో డిజైన్ కౌన్సిల్ అనే సంస్థ రెండు ఆసుపత్రుల ఎమర్జెన్సీ వార్డుల్లో చేసింది చాలా మామూలు పని. ఇప్పుడు మీరు ఏ దశలో ఉన్నారు, తర్వాత ఏం జరుగుతుంది, సీరియస్ కేసును ముందెందుకు చూస్తారు అన్నది గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. బెదిరింపులు, దురుసు ప్రవర్తన సగానికి తగ్గాయని 2013లో లెక్క తేలింది. మన క్లినిక్కుల్లో గోడ మీద డాక్టరుగారి డిగ్రీలు తప్ప ఇంకేమీ ఉండవు.

టోకెన్ నంబరు కనిపించే బోర్డు, ఎమర్జెన్సీ వస్తే "ఇంకో అరగంట పడుతుంది" అని బయటికొచ్చి చెప్పే ఒక మనిషి, రిసెప్షన్ వెనక నుంచి తప్పుకోవడానికి ఇంకో తలుపు. ఇవి పెట్టాక కూడా తగ్గకపోతే అప్పుడు గార్డు. దాడే జరిగితే, 2008లో వచ్చిన వైద్య సిబ్బంది రక్షణ చట్టం తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ వర్తిస్తుంది. దాని కింద అది బెయిలు దొరకని నేరం.

ఆడపిల్లలు పనిచేస్తున్నారు. చట్టం ఏం అడుగుతుంది?

మొత్తం పనివాళ్ళు పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. కాగితం పని అయ్యాక, వాళ్ళు వచ్చిపోయే దారిలో ఒకసారి రాత్రి ఎనిమిదింటికి మీరే నడిచి చూడండి. లిఫ్టు, మెట్లు, పార్కింగు, ఆటో ఎక్కే చోటు. ఎక్కడ భయమేస్తుందో వాళ్ళనే అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తారు. మీకు లైటు వెలిగినట్టే కనిపించే చోటు వాళ్ళకు చీకటి.

## జరిగిపోయాక

పొద్దున్నే షట్టరు తీస్తే లోపల అంతా చిందరవందర. ముందు ఏం చేయాలి?

లోపలికి వెళ్ళకండి, పనివాళ్ళను వెళ్ళనివ్వకండి. వేలిముద్రలు సర్దుడులోనే పోతాయి. 112కు ఫోన్ చేయండి. పోలీసులు వచ్చాక కెమెరా రికార్డింగును వేరే డ్రైవులోకి తీసి పెట్టండి, చెరిగిపోకముందే. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. డీవీఆర్ గడియారం ఎన్ని నిమిషాలు ముందో వెనకో కూడా రాసి పెట్టండి.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు ఆన్‌లైన్లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి. దొంగ మీ ఉద్యోగే అయితే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. పోయింది ఆన్‌లైన్లో డబ్బైతే మాత్రం స్టేషన్‌కు బయల్దేరే ముందే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాలు మారేలోపు ఆపగలిగే అవకాశం అప్పుడే ఎక్కువ.

ఇంత ఖర్చు పెట్టాం. పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బాగా పోయిన నెల చూసి భయపడి ఖర్చు పెడతారు, మరుసటి నెల తగ్గగానే "చూశారా పనిచేసింది" అంటారు. బాగా చెడ్డ నెల తర్వాత వచ్చేది ఎలాగూ మామూలు నెలే. దసరా, సంక్రాంతి రద్దీలో ఎక్కువ పోతాయి, ఆషాఢంలో తక్కువ. అందుకని నిరుటి దసరాను ఈ దసరాతో పోల్చండి. రెండు బ్రాంచీలుంటే ఒకదాంట్లోనే ముందు మార్పు చేసి, ఆరు నెలలు రెండింటి లెక్కా పక్కపక్కన రాయండి. మార్పు చేయని బ్రాంచీలో కూడా అంతే తగ్గితే, తగ్గించింది మీ కొత్త సామాను కాదు.

మా గోడౌన్ పసుపు గీతకు ఇదే పరీక్ష పెట్టాం. రెండో గోడౌన్లో గీత గీయకుండా వదిలేశాం. ఆరు నెలలకు మొదటిదాంట్లో తేడా దాదాపు పోయింది, రెండోదాంట్లో ఎప్పటిలాగే ఉంది. ఏడో నెలలో అక్కడా గీత గీయించాం. ఈసారి పెయింటు కొనలేదు, పాత డబ్బాలోనే మిగిలింది.